బాలప్ప నంబరు

మా ఆయన పాదాలు చూసి చెప్పుల షాపతను నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నవ్వడానికి అక్కడ ఏముందో ముందు చెబుతాను. మా ఆయన బాలప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పద్దెనిమిదో ఏట మగ్గం గుంతలోకి కాళ్ళు దించాడు, ఇప్పుడు యాభై ఎనిమిది. నలభై ఏళ్ళు గుంతలో కూర్చుని తొక్కుడు చెక్కలు తొక్కిన పాదం నాలాంటివాళ్ళ పాదంలా ఎందుకుంటుంది? ముందుభాగం చేటలా విచ్చుకుంది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళతో పొత్తు మానుకుని వేరు కాపురం పెట్టింది. కుడికాలు ఎడమకాలి కంటే ఇంకాస్త వెడల్పు.

"పొడవుకు ఎనిమిదో నంబరు సరిపోతాది. వెడల్పుకు పదకొండు కూడా చాలదు" అన్నాడు షాపతను, నాలుగో జత డబ్బాలో పెట్టేస్తూ. "ఇట్లాంటి కాలికి కంపెనీలో నంబరే ఉండదమ్మా." అని పక్కనున్న మనిషి వైపు చూసి నవ్వాడు.

"అయితే తప్పు కాలిదా, కంపెనీదా?" అన్నాను.

"ఊరికే అన్నాలేమ్మా."

"ఊరికే అనేకి నీకు ఇంకేమీ దొరకలేదా? ఆ కాలు తొక్కితేనే చీర అయ్యేది. మీ ఇంట్లో పెండ్లికి కట్టిన చీర ఎవురి కాలు తొక్కిందో కనుక్కో పో."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "ఏమే, చెప్పులు కొనేకి వచ్చినామా, కొట్లాడేకి వచ్చినామా?"

"మొదటిది కాలేదు గదా, రెండోదన్నా అయింది" అన్నాను.

ఆయన నవ్వాడు. ఆయన నవ్వితే నాకు కోపం రాదు. ఆయన పాదాలు, ఆయన ఇష్టం.

నలభై ఏళ్ళుగా లేని చెప్పుల గొడవ ఇప్పుడెందుకొచ్చిందంటే, షుగరు వల్ల. ఆరేళ్ళ నుంచి ఉంది. అది ముదిరితే పాదాలకు స్పర్శ పోతుందని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకాలం కాదు. పోయిన ఎండాకాలం కుడిపాదంలో తుమ్మముల్లు విరిగింది. మూడు రోజులు ఆ ముల్లుతోనే నేశాడు, ఈయనకు తెలియనే లేదు. గుంతలో చెక్క మీద నెత్తురు చూసింది నేను. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అనంతపురం డాక్టరమ్మ కట్లు విప్పేసిన రోజున మంచి మాట చెబుతుందనుకుంటే ఇలా చెప్పింది.

"ఇకమీదట ఒక్క అడుగు కూడా వట్టి కాలితో వేయకూడదు. ఇంట్లో కూడా. ఇంకో పుండు పడిందంటే వేలు తీసేయాల్సి వస్తుంది. వేలితో ఆగుతుందని నేను చెప్పలేను."

"మగ్గంలో అమ్మా?" అని అడిగాడు మా ఆయన.

"మగ్గంలోనైనా అంతే. మెత్తటివి, కాలికి సరిగ్గా సరిపోయేవి వేసుకుని నేయండి. లేదంటే నేత మానేయండి."

ఆవిడ మంచిదే. కానీ మా ఇళ్ళ సంగతి ఆవిడకు తెలియదు. మగ్గం ఉన్న గది గడప చెప్పు దాటదు. మగ్గం పైన మా ఇలవేల్పు చౌడమ్మ పటం ఉంటుంది. పొద్దున్నే మగ్గాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నాకే మా ఆయన గుంతలో కాళ్ళు పెడతాడు. మా కూతురు సువర్ణ చిన్నప్పుడు ఒకసారి చెప్పులతో ఆ గదిలోకి పరిగెత్తుకొచ్చి ఆయన చేతిలో దెబ్బ తింది. పిల్లను ఆయన కొట్టింది ఆ ఒక్కసారే.

ముందు సరిపోయే జత దొరికితే గదా, గడప సంగతి తర్వాత చూద్దాం అనుకున్నాను. సువర్ణ ఇప్పుడు హిందూపురంలో కాపురం ఉంటోంది. అక్కడి నుంచే ఫోనులో చూసి రెండుసార్లు బూట్లు తెప్పించింది. మొదటి జత చూడ్డానికి ముచ్చటగా ఉంది. బొటనవేలు లోపలికి పోతే నాలుగు వేళ్ళు బయట, నాలుగూ పోతే బొటనవేలు బయట. రెండో జత పెద్దది. కాలు లోపలికి పోయింది, పోయి లోపలే తప్పిపోయింది. మందుల షాపులో షుగరువాళ్ళ చెప్పులని ఇచ్చారు, అడుగు దూదిలా ఉంది. పట్టీ మాత్రం సరిగ్గా పుండు మానిన చోటే కూర్చుంది. మెత్తటివి పట్టవు, పట్టేవి మెత్తగా ఉండవు. రెండూ కుదిరిన ఒక్క జత బెంగళూరులో ఉందన్నారు, దాని ధర విని మా ఆయన, "అంత దుడ్లు పెట్టి కొంటే కాళ్ళకు కాదు, నెత్తికి పెట్టుకోవాల" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చాడు జిలాన్ బాషా.

పాత బస్టాండు వెనక సందులో అతని అంగడి. వాళ్ళ నాయన కాలంలో చుట్టుపక్కల పల్లెల రైతులంతా అక్కడే టైరు చెప్పులు కుట్టించుకునేవాళ్ళు. గులకరాళ్ళ చేలల్లో నాలుగేళ్ళు తిరిగినా అరిగేవి కావట. ఇప్పుడు వానలూ లేవు, సేద్యాలూ అంతంతమాత్రం. బాషా స్కూలు సంచులకు జిప్పులు వేసుకుంటూ కూర్చుంటాడు. కోపంలో నాకు సరిజోడు. కుట్టు బాగాలేదని ఎవరైనా అంటే దుడ్లు వాళ్ళ మొహాన పెట్టి పొమ్మంటాడు.

బాషా మా ఆయన పాదాన్ని ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఈయన సిగ్గుపడి లాక్కోబోయాడు.

"ఉండన్నా. కాలు చూడకుండా చెప్పు ఎట్ల కుట్టేది?" అని వేళ్ళ సందులన్నీ తడిమి, మానిన పుండు దగ్గర బొటనవేలు ఆనించి చూశాడు. తర్వాత నాతో అన్నాడు: "శానా పని చేసిన కాలు అక్కా ఇది."

ఆ ఒక్క మాటతో ఆ మనిషి నాకు తమ్ముడైపోయాడు. షాపువాడికి నంబరు లేని కాలు కనిపించింది. ఇతనికి పని కనిపించింది.

పేపరు పరిచి, మా ఆయనను దాని మీద నిలబెట్టి, పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీశాడు. నాలుగు రోజులకు చెప్పులు ఇచ్చాడు. ముందువైపు వెడల్పు, అడుగున మెత్తటి రబ్బరు, పట్టీ పుండుకు దూరంగా. అందానికి పడవల్లా ఉన్నాయిగానీ మా ఆయన వాటిలో నిలబడి, రెండడుగులు వేసి, సందు చివరిదాకా పోయి వచ్చాడు. పెళ్ళికొడుకు నడక. ధర కూడా మేము ఇచ్చుకోగలిగినదే.

ఇంటికొచ్చి మగ్గం గది గడప ముందు వాటిని విడిచేశాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది?" అన్నాను.

"డాక్టరమ్మ చౌడమ్మ కంటే పెద్దదా?"

"వట్టి కాలు గుంతలో పెట్టినావంటే నేను ఊరుకోను."

"పెట్టను" అన్నాడు. "వట్టి కాలూ పెట్టను, చెప్పు కాలూ పెట్టను."

మూడు రోజులు మా ఇంట్లో మగ్గం పలకలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ చప్పుడులోనే వండాను, ఆ చప్పుడులోనే పిల్లను పెంచాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను. అది ఆగిపోతే ఇంట్లో గడియారం ఆగినట్టు కాదు, మనిషి ఆగినట్టు ఉంటుంది. మూడో రోజు సాయంత్రం ఆయన అన్నాడు: "మగ్గం దిగిపోతాలే. పవర్‌లూమ్ షెడ్డు కాడ కావలికి మనిషి కావాలంటాండారు. ఆడ చెప్పులేసుకోని కూర్చోవచ్చు."

మా ఆయన మరమగ్గాలకు కావలి! నేను వంటింట్లోకి పోయి కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని బాషా దగ్గరికి పోయాను.

"మగ్గంలోకి మాత్రమే వేసుకునేవి ఒక జత కావాల బాషా. వీధి ముఖం చూడకూడదు. ఇంకొకటి, తోలు తగలకూడదు. మగ్గానికి తోలు పనికిరాదు" అన్నాను.

బాషా చేతిలోని సూది ఆగిపోయింది. "తోలు పనికిరాదా?"

"మా ఆచారం అట్ల."

"ఆంజినక్కా, మీ నాడెను అటూ ఇటూ తన్నే బిళ్ళ ఉండాదే, అది దేంతో చేస్తారు?"

అడ్డపోగును మోసుకుంటూ మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెను రోజూ చూస్తాను గానీ, దాన్ని తన్నే బిళ్ళ సంగతి ఎప్పుడూ అడగలేదు.

"ఎనుము తోలు" అన్నాడు బాషా. "మీ వీధికంతా ఆ బిళ్ళలు కోసిచ్చింది మా నాయన. ఆయన పోయినాక నేను. మీ చౌడమ్మ కండ్ల ముందర మా ఇంటి తోలు యాభై ఏండ్లుగా ఆడతాండాది. ఆయమ్మ ఒక్క పొద్దన్నా వద్దనిందా? చీర నేసేకి పనికొచ్చే తోలు, నేసేవాని కాలికి పనికిరాదా?"

ఇంటికొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు మా ఆయనకు చెప్పాను. ఆయన మగ్గం దగ్గరికి పోయి, నాడె పెట్టె చివరనున్న తోలు బిళ్ళను వేళ్ళతో తిప్పి తిప్పి చూశాడు. దాని మీద ఎన్ని వేలసార్లు నాడె వచ్చి తగిలి ఉంటుందో. బిళ్ళను వదిలి నా వైపు తిరిగి అన్నాడు: "నిజమే గదనే. ఇన్నేండ్లూ నాకు తట్టనే లేదు."

"అయితే వేసుకుంటావా?"

"నేల తాకకూడదు. ముందు అమ్మ పటం కాడ పెట్టాల."

బాషా అదే కొలతకు పలచటి బూట్లు కుట్టాడు. లోపల చర్మానికి కుట్టు తగలకుండా మెత్తటి గుడ్డ కావాలంటే ఉతికి ఉతికి వెన్నలా అయిన నా నూలు చీర ఇచ్చాను. మా ఆయన వాటిని చౌడమ్మ పటం ముందు పెట్టి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుని, గుంత అంచున కూర్చుని తొడుక్కున్నాడు. మగ్గం కదిలింది. నా ప్రాణం లేచొచ్చింది.

పది నిమిషాలు కాకముందే ఆగింది. కాలు చెక్క మీద జారింది, పోగులు విడాల్సిన చోట విడలేదు, నాడె అడ్డంపోయి పదిహేను పోగులు తెంచింది. ఆయన ఆ పోగులన్నీ ఓపికగా ముడివేశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ జారింది.

"కాలికి చెక్క తెలియడంల్యాదు" అన్నాడు. అమ్మ ముందు పెట్టినవి గనుక విసిరేయలేదు, మెల్లగా విప్పి గుంత గట్టున పెట్టాడు. "చాల్లే ఆంజీ. మనకు రాసిపెట్టింది ఇంతే."

బూట్లు తీసుకుని బాషా మీదికి యుద్ధానికి పోయాను. అతను పేపరు తీసి, బూటు దాని మీద పెట్టి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"నా కొలత తప్పయితే ఈ పొద్దే అంగడి మూసేస్తా" అన్నాడు.

"మూసుకో పో" అన్నాను. కానీ కొలత తప్పు కాదని నా కళ్ళకే కనిపిస్తోంది. బూట్లు తీసుకుని ఇంటికొచ్చేశాను.

ఆ వారంలోనే అమావాస్య వచ్చింది. అమావాస్యకు మా వాళ్ళు నేయరు. ఆ రోజు గుంత ఊడ్చడం నా పని. చీపురు పట్టుకుని దిగాను. పైన వెంటిలేటరులోంచి ఎండ సరిగ్గా తొక్కుడు చెక్కల మీద పడింది. ఇన్నేళ్ళుగా ఊడుస్తూనే ఉన్నాను, చూడలేదు.

చెక్కలు గుంటలు పడి ఉన్నాయి. కుడిచెక్క మీద బొటనవేలికి ఒక లోతైన గుంట, దానికి దూరంగా నాలుగు వేళ్ళకు చిన్న చిన్న గుంటలు, కింద పాదం ముందుభాగానికి వెడల్పాటి పల్లం. చెయ్యి పెట్టి చూశాను, అద్దంలా నున్నగా ఉంది. మడమ చోట మాత్రం ఏమీ లేదు, చెక్క కొత్తదానిలా ఉంది. మా ఆయన నలభై ఏళ్ళుగా మడమ ఆనించనే లేదు. పాదం మొత్తం బయటివైపుకు వాలి ఉంది. బాషా పేపరు మీది గీతకూ దీనికీ పొంతనే లేదు.

అప్పుడు తెలిసింది. బాషా కొలిచింది నిలబడిన కాలును. మగ్గంలో ఉండేది కూర్చున్న కాలు. దాన్ని ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ గుంతలోనే ఉంటుంది.

తాళ్ళు విప్పి రెండు చెక్కలూ ఊడదీశాను. మా ఆయన గుమ్మంలోంచి కేకేశాడు. "ఏమే! మగ్గం విప్పుతాండావు! మతి పోయిందా?"

"ఈ పొద్దు అమాసే గదా, దానికేం పని? రేపటికి తెస్తా" అని చెక్కలను టవల్లో చుట్టుకుని, చంకన పెట్టుకుని, బజారు గుండా నడిచాను. దారిలో ఎవరెవరో ఏమేమో అడిగారు. "మా ఆయన కాళ్ళు తీసుకోని పోతాండా" అన్నాను.

బాషా ముందు మొహం తిప్పుకున్నాడు. నేను టవలు విప్పాను. చెక్కను చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఆ గుంటల్లో బొటనవేలు పెట్టి మెల్లగా నడిపాడు, మా ఆయన పాదాన్ని తడిమినట్టే.

"అక్కా, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట అతని నోట ఇంతకుముందు విన్నవాళ్ళు ధర్మవరంలో ఉన్నారనుకోను. "నిలబడుకున్న కాలు కొలిచినా నేను. బాలన్న నలభై ఏండ్లు తొక్కి తొక్కి అచ్చు తయారు చేసి పెట్టినాడు. ఇంత మంచి అచ్చు ఏ కంపెనీ కాడా లేదు."

తడిపిన తోలును ఆ పల్లంలో పరిచి, పైన బరువు పెట్టి ఆరనిచ్చాడు. బొటనవేలికి వేరే గూడు కుట్టాడు. అడుగు ముల్లు దిగనంత గట్టిది, చెక్క తెలిసేంత పలచనిది. మడమ చోట వట్టి గుడ్డ. రేపటికి తెస్తానన్న చెక్కలు మూడు రోజులైనా రాలేదు. ఆ మూడు రోజులూ మా ఆయన నాతో మాట్లాడలేదు.

నాలుగో రోజు పొద్దున బాషాయే చెక్కలూ బూట్లూ తీసుకుని ఇంటికి వచ్చాడు. చెప్పులు వీధి గుమ్మంలోనే విడిచి, మగ్గం గది గడప దగ్గర ఆగిపోయాడు.

"ఆడే నిలబడినావేం? లోపలికి రా బాషా" అన్నాడు మా ఆయన. "మీ నాయన తోలు రాలేదా? నువ్వూ రా."

చెప్పులు కుట్టినవాడు వట్టి కాళ్ళతో నిలబడ్డాడు, మా ఆయన చౌడమ్మకు దండం పెట్టి బూట్లు తొడుక్కుని గుంతలో దిగాడు. కుడికాలు చెక్క మీద పెట్టాడు. బొటనవేలు తన గుంటను వెతుక్కుని కూర్చుంది. ఎడమకాలు. మళ్ళీ కుడికాలు. నాడె ఒకసారి అటు పోయింది, ఇటు వచ్చింది. ఆగలేదు.

"తెలుస్తాందా అన్నా?" అన్నాడు బాషా, గుంతలోకి వంగి చూస్తూ.

"తెలుస్తాండాది" అన్నాడు మా ఆయన. తల ఎత్తలేదు, కాళ్ళు ఆపలేదు. "బాగా తెలుస్తాండాది."

బాషా మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. కన్నీళ్ళు కారుతుంటే కారనిచ్చి, అక్కడే నిలబడి నా మొగుడు నేస్తుంటే చూశాను. బాషా డబ్బులు వద్దన్నాడు. మా ఆయన, "వద్దంటే బూట్లు తీసుకోని పో" అన్నాడు. బాషా డబ్బులే తీసుకున్నాడు.

పక్కింటి కదిరప్ప కూడా నేస్తాడు. మొదటి వారం మా ఆయన కాళ్ళు చూసి, "ఏమప్పా, దొరసాని మేజోళ్ళా?" అని ఎగతాళి చేశాడు. రెండో వారం నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి చెక్క మీద తన పాదం పెట్టి చూసుకున్నాడట. మూడో వారం బాషా అంగట్లో నాకే ఎదురుపడ్డాడు, చంకలో టవలు చుట్టిన చెక్కలు. నేనేమీ అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. తర్వాత వీధిలో ఇంకా నలుగురు. షుగరున్నవాళ్ళు ఇద్దరు, మడమలు పగిలినవాళ్ళు ఇద్దరు. గుంతలో కూర్చున్న కాళ్ళన్నీ ఒకే దారిన విచ్చుకుంటాయని, కాస్త పెద్దవీ కాస్త చిన్నవీ ఉంటాయంతేనని బాషా కనిపెట్టాడు. మా చెక్కలను చూసి కొయ్యతో అచ్చు చెక్కించి అంగట్లో మేకుకు వేలాడదీశాడు. ఎవరైనా వస్తే, "బాలప్ప నంబరా? దానికి పైదా, కిందిదా?" అని అడుగుతున్నాడు.

మూడు నెలలకు డాక్టరమ్మ రమ్మంటే అనంతపురం పోయాం. ఆవిడ మా ఆయన రెండు పాదాలూ తిప్పి తిప్పి చూసింది. ఒక్క గీత లేదు. నేను సంచిలోంచి మగ్గం బూట్లు తీసి, నేల తగలకుండా టవలు పరిచి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ లోపల చెయ్యి పెట్టి చూసింది, బొటనవేలి గూడు చూసింది, చాలాసేపు చూసింది.

"ఇవి చాలా బాగున్నాయి. నా దగ్గరికి నేతవాళ్ళు చాలామంది వస్తారు, వాళ్ళకు చెబుతాను" అని కాగితం, పెన్ను తీసుకుంది. "ఎక్కడ కొన్నారు? నంబరెంత?"

మా ఆయన సిగ్గుపడి నా వైపు చూశాడు. ఆ చెప్పుల షాపు మెట్లు దిగినప్పటి నుంచి నేను ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను.

"ధర్మవరం, పాత బస్టాండు వెనక, జిలాన్ బాషా అంగడి" అన్నాను. "బాలప్ప నంబరు అని అడగమనండమ్మా. ఇస్తాడు."

ఆవిడ నవ్వలేదు. నేను చెప్పినట్టే రాసుకుంది.